పట్టుపురుగు ప్రాణము – నేతవాని ధర్మము



కంచి ప్రాంతమున మూడు తరములుగా పట్టుమగ్గము మీద బ్రతుకుచున్న మన కుటుంబము వారొకరు ఇటీవల మాకు ఒక జాబు వ్రాసిరి. వారు బంధువుల ఇంటికి కర్ణాటకమునకు పోవుచు, ఎనిమిదేండ్ల మనుమరాలిని వెంట తీసికొని రామనగరములో దిగిరి. అచ్చటి పట్టుగూళ్ళ సంతను బిడ్డకు చూపి, ప్రక్కనే గూళ్ళనుండి దారము తీయు కొట్టమునకు కూడ తీసికొనిపోయిరి. మరుగు నీళ్ళ తొట్టిలో గూళ్ళు తేలుచున్నవి. దారము వచ్చిన తరువాత మిగిలిన గోధుమరంగు పురుగులు ప్రక్క గంపలో కుప్పగా నున్నవి. బిడ్డ ఆ గంపను చూచి, "తాతా, నా పరికిణీకి ఎన్ని పురుగులు చచ్చినవి?" అని అడిగెను.

ఆ పరికిణీ తాతగారు స్వయముగా నేసినది. మేనత్త పెండ్లికి కట్టవలెనని బిడ్డ కోరి నేయించుకొన్నది. ఇల్లు చేరినది మొదలు దానిని ముట్టుట లేదు. "అరువదేండ్లుగా నాడె ఆడించినవాడను. ఈ ప్రశ్న నన్నెవ్వరును అడుగలేదు, నేనును అడుగుకొనలేదు. ఇది పాపమా, కాదా, మీరైనను చెప్పుడు" అని ఆ పెద్దలు వ్రాసిరి.

ఈ ప్రశ్న ఒక్క ఇంటిది కాదు. కంచిలోను, ఆరణిలోను, సేలములోను, మొలకాల్మూరులోను, ఒడిశాలోని బరంపురములోను పట్టు నేయు మన ఇండ్ల పిల్లలు నేడో రేపో అడుగునదే. కావున ఈ సంచికలో దీనినే పాఠముగా తీసికొనుచున్నాము.

పురుగు బ్రతుకు, పురుగు చావు

ముందుగా ఉన్నది ఉన్నట్లు తెలిసికొందము. తెలియనివాడు పాపపుణ్యములు నిర్ణయింపలేడు.

మల్బరీ పట్టుపురుగు గ్రుడ్డునుండి సుమారు 10 రోజులకు వెలువడును. చీమతల అంత పురుగు, మల్బరీ ఆకు తప్ప మరొకటి తినదు. దాదాపు 25 రోజులు తిని, నాలుగు పర్యాయములు పొర విడిచి, పుట్టినప్పటి బరువుకు పదివేల రెట్లు పెరుగును. తరువాత తిండి మాని, తల అటు నిటు త్రిప్పుచు, నోటినుండి వెలువడు ద్రవముతో రెండు మూడు రోజులలో తనచుట్టు గూడు కట్టుకొనును. ఆ గూటి పోగు ఎచ్చటను తెగకుండ వేయి మీటర్లకు అటు నిటుగా నుండును. మన పడుగుకు, పేకకు మూలము అదియే.

గూటిలో పురుగు ప్యూపాగా మారును. అట్లే విడిచినచో పది పండ్రెండు రోజులకు రెక్కల పురుగై, నోటినుండి ఒక ద్రవమును వదలి, గూటి చివరను మెత్తబరచి, త్రోసికొని వెలుపలికి వచ్చును. అట్లు రంధ్రము పడిన గూటినుండి ఏకధారగా పోగు రాదు. కావున రెక్కల పురుగు రాకమునుపే ఆవిరిచేతనో, వేడిగాలిచేతనో, ఎండచేతనో లోపలి ప్రాణమును తీయుదురు. పిమ్మట గూళ్ళను వేడినీటిలో నానబెట్టి, జిగురు సడలించి, ఎనిమిది పది గూళ్ళ పోగులు కలిపి ఒక దారముగా తీయుదురు.

మనము చంపుట లేదు, గూళ్ళ సంతను కూడ చూడలేదు, కొన్న దారమును మాత్రమే నేయుచున్నాము అని మనలో కొందరందురు. ఈ మాట నిలువదు. మగ్గము అడుగుట చేతనే దారము తీయువాడు తీయుచున్నాడు, కట్టువారు అడుగుట చేతనే మగ్గము ఆడుచున్నది. ఈ పనిలో రైతు, దారము తీయువాడు, నేతగాడు, షావుకారు, చీర కట్టు ఇల్లాలు అందరును పాలివారే.

లెక్క

బిడ్డ "ఎన్ని" అని అడిగినది. లెక్క కట్టుదము. ఒక కిలో దారమునకు ఎన్ని కిలోల గూళ్ళు పట్టునో దానికి రెండిట్టా అని పేరు. గూళ్ళ జాతినిబట్టి, మంచిచెడ్డలనుబట్టి ఇది మారును. 7 అనుకొందము. ఒక గూడు బరువు ఒకటిముప్పాతిక గ్రాము అనుకొందము. అప్పుడు ఒక కిలో దారమునకు 4,000 గూళ్ళు. అనగా గ్రాము దారమునకు నాలుగు ప్రాణములు. అరకిలో దారము పట్టు చీరకు 2,000. పావుకిలో పట్టిన పరికిణీకి 1,000.

ఈ అంకె చెప్పుటకు నోరు రాదు. అయినను మగ్గము ముందు కూర్చుండువాడు దీనిని ఎరిగి యుండుట మంచిది.

పెద్దలు ఏమనిరి?

ఈ సందేహము నేటిది కాదు. బౌద్ధుల వినయపిటకములో భిక్షువులు పట్టు కలిపిన ఆసనపు బట్ట చేయించుకొనరాదని ఒక నియమము కలదు. దానికి కారణముగా చెప్పిన కథ మన వృత్తికి మిక్కిలి దగ్గరిది. కొందరు భిక్షువులు పట్టు పనివారి యొద్దకు పోయి, మా కొరకు గూళ్ళు ఉడికింపుడని అడిగిరట. అందుకు ఆ పనివారు, పెండ్లాము బిడ్డలను పోషించుకొనుటకై మేము ఇన్ని ప్రాణులను చంపవలసి వచ్చుటయే మా దౌర్భాగ్యము, సన్యాసులైన మీకేమి వచ్చినదని నొచ్చుకొనిరట. రెండువేల యేండ్లకు పూర్వమే పట్టు పనివాడు తన పనిలోని బాధను ఎరిగియుండెనని దీనివలన తెలియుచున్నది.

మనుస్మృతి గృహస్థుని ఇంట హింస జరుగు స్థానములు ఐదు చెప్పినది. అవి పొయ్యి, తిరుగలి, చీపురు, రోలు, నీళ్ళకుండ. వంట వండి, ఇల్లు ఊడ్చి, నీరు త్రాగు ప్రతి ఇంటను చిన్న ప్రాణులు చచ్చుచునే యున్నవని దీని భావము. పొయ్యి ఆర్పుమని శాస్త్రము చెప్పలేదు. ఆ దోషమునకు బదులుగా నిత్యము పంచమహాయజ్ఞములు చేయుమన్నది. భూతములకు అన్నము పెట్టుట, అతిథిని ఆదరించుట అందులోనివే. హింస తప్పనిచోట ఋణము ఏర్పడును, ఋణము తీర్చవలెను అని దీని తాత్పర్యముగా మేము గ్రహించుచున్నాము.

భారతము అరణ్యపర్వములో ధర్మవ్యాధుని కథ అందరెరిగినదే. మిథిలలో మాంసము అమ్ముకొను ఆ మనిషి కౌశికుడను బ్రాహ్మణునకు ధర్మము బోధించెను. దున్నునపుడు నాగలిక్రింద, నడచునపుడు కాలిక్రింద ఎన్నో జీవులు చచ్చుచున్నవని, హింస బొత్తిగా లేని బ్రతుకు లోకములో లేదని చెప్పెను. ఈ కథను మనవారు తమకు అనుకూలముగా తరచు వాడుకొందురు. కాని తన వృత్తి ఘోరమైనదని అతడు ముందుగా ఒప్పుకొన్న సంగతిని మరతురు. తాను చేయునది మంచిదేనని అతడు వాదింపలేదు.

ఇక మనకు దగ్గరి కాలములో, పట్టుచీరలకు పేరుపడిన కంచిలోనే, కామకోటి పీఠాధిపతులు శ్రీ చంద్రశేఖరేంద్ర సరస్వతీ స్వామివారు (1894–1994) పట్టు కట్టుట మానుడని భక్తులకు బోధించుచు వచ్చిరి. పురుగుల చావు ఒక కారణము, పెండ్లిండ్లలో పెరిగిన ఆడంబరపు ఖర్చు మరొక కారణము. మడికి పట్టు శ్రేష్ఠమని తలచు ఇండ్లకు ఇది కష్టముగా తోచెను. మగ్గములవారికి ఇంకను కష్టము. అయినను, పీఠము ఉన్న ఊరి ముఖ్య వృత్తి అని ఆ పెద్దలు తమ మాటను దాచుకొనలేదు. మనమును ఆ మాటను వినకుండ చెవులు మూసికొనరాదు.

పురుగునకు నొప్పి తెలియునా?

పురుగునకు ఏమి తెలియునని కొట్టివేయువారు కలరు. నేటి శాస్త్రము అంత తేలికగా కొట్టివేయుట లేదు. హాని తగిలినప్పుడు తప్పించుకొను నరముల ఏర్పాటు కీటకములలో కలదని చాలకాలముగా తెలిసినదే. 2022లో లండనులో కొందరు పరిశోధకులు పెద్ద తుమ్మెదలవంటి తేనెటీగల ముందు చిన్న కొయ్య బంతులు పెట్టగా, అవి తిండి ఆశ ఏమియు లేకయే వాటిని మరల మరల దొర్లించినవి. ఇది ఆటవలెనున్నదని వారు ప్రకటించిరి. ఆడుకొను ప్రాణికి సుఖము తెలియునేమో, సుఖము తెలిసినచో బాధయు తెలియునేమో అను ప్రశ్న అందుండి పుట్టినది.

గూటిలోని ప్యూపా సంగతి వేరు. ఆ దశలో పాత శరీరము కరగి క్రొత్త శరీరము ఏర్పడుచుండును, నరములు కూడ మారుచుండును. అప్పుడు దానికి ఎంత తెలియునో శాస్త్రజ్ఞులు తేల్చలేదు. తేలని సంగతిలో మనకు లాభమైన పక్షమునే నిజమని పట్టుకొనుట న్యాయము కాదు. నొప్పి ఉండవచ్చునని తలచి నడచుకొనుటయే పెద్దమనిషి తరహా.

అహింసా పట్టు

మరి చంపకుండ పట్టు రాదా? వచ్చును. ఈ త్రోవ చూపినవారిలో ముఖ్యులు మన తెలుగు నేత కుటుంబమువారే. హైదరాబాదులో ఆప్కో సంస్థలో పనిచేసిన శ్రీ కుసుమ రాజయ్యగారు 1990 దశకములో దీనికి పూనుకొనిరి. నాటి రాష్ట్రపతి శ్రీ ఆర్. వెంకటరామన్ గారి సతీమణి శ్రీమతి జానకి వెంకటరామన్ గారు, పురుగులను చంపని పట్టుచీర దొరకదా అని అడిగిన ప్రశ్నయే తమకు ప్రేరణ అని రాజయ్యగారు చెప్పియున్నారు. వారి పద్ధతిలో గూళ్ళను బుట్టలలో ఉంచి, రెక్కల పురుగులు వెలువడిన పిదప, ఆ ఖాళీ గూళ్ళను శుభ్రపరచి, దూదిని వడికినట్లు వడికింతురు.

ఈ నూలు మెత్తనిది. కాని ఏకధారగా తీసిన దారమునకుండు మెరుపు దీనికి రాదు. పనియు, ఖరీదును ఎక్కువ. కోరి కొనువారు కలరు గాని, కంచి చీర మెరుపు కోరు బేరగాడు దీనితో తృప్తిపడడు.

మరొక చిక్కు కలదు, దీనిని కూడ దాచరాదు. మల్బరీ పురుగు వేల యేండ్లుగా మనుష్యుని చేతిలో పెరిగి, ఎగురుటయే మరచినది. రెక్కల పురుగునకు తినుటకు నోరు పనిచేయదు. కొద్ది రోజులు బ్రతికి, జతకట్టి, ఆడది సుమారు 400 గ్రుడ్లు పెట్టి చచ్చును. ఒక చీరకు 2,000 గూళ్ళను విడిచితిమనుకొందము. అందు సగము ఆడవైనచో 4 లక్షల గ్రుడ్లు. అవి అన్నియు పొదిగినచో పిల్లలకు మల్బరీ ఆకు ఎవరు వేయుదురు? ఆకు లేక అవి ఎండి చచ్చును. లేదా గ్రుడ్లనే నాశనము చేయవలెను. రెండువేల చావులను తప్పించి లక్షల చావులను తెచ్చుకొనకుండ చూచుకొనవలెను. కావున అహింస అను పేరు పెట్టినంతమాత్రమున హింస పోదు. గ్రుడ్ల విషయమున కూడ జాగ్రత్త పడినప్పుడే ఆ పేరు చెల్లును.

ఆముదపు ఆకు తిను ఎరి పురుగు గూటికి ఒక చివర తెరపి యుండును. పురుగు వెళ్ళిపోయిన తరువాత గూటిని వడుకవచ్చును. కాని అస్సాములో ఆ ప్యూపాలను ఆహారముగా తినుట వాడుక. అందుచేత ఎరి అన్నంతనే చంపనిది అనరాదు, ఎట్లు తీసినదో అడుగవలెను.

నూలు నేయువారు నిర్దోషులా?

షోలాపురము, భివండి, యానాము మొదలగుచోట్ల నూలు నేయు సోదరులు, ఈ గొడవ మాది కాదని తలపవచ్చును. పత్తి చేనిని ఒకసారి తలచుకొనుడు. 1990 దశకములో మన దేశపు సాగుభూమిలో ఇరువదింట ఒక వంతు మాత్రమే పత్తి. దేశమున చల్లిన పురుగుమందులలో సుమారు సగము ఆ పత్తి మీదనే పడెను. కాయతొలుచు పురుగుతో పాటు తేనెటీగ, అక్షింతల పురుగు, సాలెపురుగు అన్నియు చచ్చినవి. పురుగులు మందునకు అలవాటుపడినవి. 1997–98లో వరంగల్లు జిల్లాలో పంట పోయి, అప్పులపాలై, ఆ మందునే త్రాగి ఎందరో పత్తి రైతులు ప్రాణములు విడిచిరి. పురుగు కొరకు తెచ్చిన విషము మనిషినే తీసికొనిపోయెను.

దీనికి మారు మార్గము కూడ తెలుగునాటనే కనబడినది. నాటి ఖమ్మము జిల్లాలోని పునుకుల గ్రామపు రైతులు వేపగింజల కషాయము, పచ్చిమిర్చి వెల్లుల్లి కషాయము, ఎరల బుట్టలు మొదలగు పద్ధతులతో పత్తి పండించి, 2003 నాటికి పురుగుమందులను విడిచిరి. పురుగును అదుపుచేయుట వేరు, కంటబడిన ప్రాణినెల్ల చంపుట వేరు అని వారు ఆచరించి చూపిరి.

ఇంటిలోని పురుగులు

మన ఇండ్లలో గంజి పెట్టిన పడుగును బొద్దింకలు కొరుకును, పట్టుబట్టలను చిమ్మటలు తినును, కొయ్యను చెదలు పట్టును, మగ్గపు గుంటలో దోమలు చేరును. వీటిని చంపుట తప్పా? బిడ్డకు డెంగీ జ్వరము తెచ్చు దోమను చంపుట తప్పని మేము చెప్పము. కాని దోమ పుట్టకుండ చేయుట అంతకంటె మేలు. దోమ నీటిలో పెట్టిన గ్రుడ్డు రెక్కల దోమ యగుటకు వారము పదిరోజులు పట్టును. రంగు తొట్లలో, కుండలలో నిలువ నీటిని వారమునకు ఒకసారి పారబోసి ఆరబెట్టినచో చంపవలసిన దోమయే పుట్టదు. గంజి మెతుకులు రాత్రి మిగులకుండ ఊడ్చినచో బొద్దింక రాదు. పట్టుబట్టలను అప్పుడప్పుడు విప్పి, దులిపి, నీడలో గాలికి ఆరవేసి, ఎండిన వేపాకు ఉంచి మడిచినచో చిమ్మట నిలువదు. శుభ్రత ఉన్నచోట హింస తగ్గును.

పిల్లలు తూనీగకు దారము కట్టి ఆడించుట మాత్రము మాన్పింపవలెను. భారతములో మాండవ్య మహర్షి చిన్ననాడు పురుగులను గడ్డిపరకతో గ్రుచ్చిన ఫలమే శూలమెక్కుట అని చెప్పబడినది. తెలియని పిల్లవానికి అంత శిక్ష తగదని ఆ మహర్షి యమునే శపించెను. బిడ్డను దండింపవద్దు, నేర్పుడు అనుట ఆ కథలోని నీతి.

మా అభిప్రాయము

తాతగారికి మా జవాబు ఇది. ప్రాణము తీయుట దోషమే. పట్టునేతలో ఆ దోషమున్నది. పట్టు లేకున్నను మనిషి బ్రతుకగలడు గనుక, అన్నమునకై దున్ను రైతు చెప్పుకొనగలిగినంత సమాధానము మనము చెప్పుకొనలేము. కాని వేల కుటుంబముల అన్నము నేడు ఈ మగ్గము మీదనున్నది. ఆ అన్నమును ఒక్కనాటితో త్రోసివేయుమనుట కూడ హింసయే. కావున మగ్గము విడువమని మేము చెప్పుట లేదు. ఋణమెరిగి నేయుమని చెప్పుచున్నాము. అందుకు నాలుగు నియమములు.

మొదటిది, దుబారా చేయకుండుట. గ్రాము దారము నాలుగు ప్రాణములు. చిక్కుపడినదని పారవేసిన 50 గ్రాములలో 200 ప్రాణములున్నవి. తెగిన పోగును ఓపికతో అతుకుడు, పడుగు చివరలను, తుక్కును పోగుచేసి వడికించు వారికి అమ్ముడు.

రెండవది, అబద్ధమాడకుండుట. మామూలు దారముతో నేసి అహింసా పట్టు అని అమ్ముట ప్రాణమును, కొన్నవారిని రెండింటిని వంచించుట. 2004లో వచ్చిన సిల్కు మార్కు అది స్వచ్ఛమైన పట్టు అని మాత్రమే తెలుపును. పురుగు చచ్చినదా లేదా అన్నది తెలుపదు. బేరగాడు అడిగినప్పుడు ఉన్నమాట చెప్పుడు.

మూడవది, సంఘములు దారము కొనునపుడు గూళ్ళను ఎట్లు చంపిరో అడుగుట. ఎండలో పెట్టినచో రెండు మూడు రోజులు పట్టును, పోగును చెడును. ఆవిరి, వేడిగాలి పద్ధతులు త్వరగా ముగియును, దారమునకును మంచిది. తప్పని చావు త్వరగా ముగియుట మేలు.

నాల్గవది, వేరు త్రోవలను నేర్చుకొనుట. ప్రతి సంఘములో ఒకటి రెండు మగ్గములైనను వడికిన పట్టును, ఎరిని, మందులు లేని పత్తిని నేసి చూడవలెను. పిల్లలు పట్టు నేయమన్ననాడు వారికి చేతిలో పని యుండవలెను.

ఇక ఆ చిట్టితల్లికి తాతగారు ఏమి చెప్పవలెను? వేయి అని నిజము చెప్పవలెను. చెప్పి, పరికిణీ కట్టుమని బలవంతము చేయరాదు. కట్టనన్నచో పెండ్లికి మంచి నూలు పరికిణీ నేసి యిండు. మన చేతిలో నూలు మాత్రము తక్కువదా? కట్టుదునన్నచో, వేయి ప్రాణముల బట్టను ఒక్క పెండ్లికి కట్టి పెట్టెలో పడవేయక, జాగ్రత్తగా దాచి చెల్లెండ్రకు, వారి బిడ్డలకు అందించుమని నేర్పుడు. రెండింటిలో ఏది చేసినను ఆ బిడ్డ మంచి నేత ఇంటి పిల్లయే. అరువదేండ్ల వానికి తోచని ప్రశ్న ఆమెకు తోచినది. దానికి సిగ్గుపడక సంతోషింపుడు.

చర్చకు ప్రశ్నలు
(నూలు పున్నమి నాడు సంఘములలో చదువుకొనుటకు)

1. మీ మగ్గమున ఒక చీరకు ఎన్ని గ్రాముల దారము తుక్కుగా పోవుచున్నది? అది ఎన్ని గూళ్ళు?
2. ధర్మవ్యాధుడు తన వృత్తిని ఎట్లు చెప్పుకొనెను? మనము ఎట్లు చెప్పుకొనుచున్నాము?
3. అహింసా పట్టులో గ్రుడ్ల చిక్కును ఎట్లు తీర్చవచ్చును?
4. మీ ఇంట చంపకుండ వదలించుకొనగల పురుగులు ఏవి?